సెలైను బాటిలు పక్కన కూర్చునేది మనమే

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, నర్సీపట్నం. ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొద్దుట నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలు అన్నీ విన్నారు. నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. ఆరోగ్యమంటే చాలా పెద్ద మాట. నేను అందులో ఒక్క సంగతే తీసుకుంటాను. మన ఒంట్లో రక్తం పారే గొట్టాలు, వాటికొచ్చే జబ్బులు, వాటిలోకి సూది గుచ్చి మందు ఎక్కించడం, అలా ఎక్కిస్తున్నప్పుడు పక్కన కూర్చున్న మనిషి ఏం చూసుకోవాలి అన్నది.

ఇదే ఎందుకంటే, మా సంఘం మినిట్స్ పుస్తకం నేనే రాస్తాను. అప్పు దేనికి అన్న చోట గేదె, కుట్టు మిషను, పిల్లల ఫీజు అని రాస్తూ ఉంటాను. మధ్య మధ్య "ఆస్పత్రి" అని వస్తుంది. ఏం జబ్బమ్మా అంటే, "జబ్బేటి లేదు, నీరసం, రెండు బాటిళ్ళు ఎక్కించుకున్నాను" అంటారు. నూటికి రూపాయి వడ్డీ కట్టి, ఉప్పునీళ్ళు ఎక్కించుకుంటున్నాం. ఇంకోపక్క నిజంగా పరుగెత్తాల్సిన జబ్బు వస్తే, కాలుకి నూనె రాసుకుని ఇంట్లో పడుకుంటున్నాం. ఈ రెండూ తిరగబడాలి. నేను చెప్పేదంతా దానికోసమే.

నేను నర్సుని కాను. పదో తరగతి చదివాను. మా అత్తగారిని, మా పిన్నిని ఆస్పత్రిలో ఉంచి చాలా రాత్రులు మంచం పక్కన కూర్చున్నాను. అప్పుడు స్టాఫ్ నర్సులు చెప్పినవి, ఆ తర్వాత ఏఎన్ఎం గారిని అడిగి తెలుసుకున్నవి చెప్తున్నాను. తప్పేమైనా చెబితే ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఆపేస్తారు.

ముందు ఒక మాట సంగతి. మనం అన్నిటినీ "నరం" అంటాం. సూది పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటాం. కాలు మీద నీలంగా ఉబ్బితే "నరం తేలింది" అంటాం. నడుం దగ్గర నుంచి జివ్వుమని లాగితే అదీ నరమే. ఈ ఒక్క మాట వల్లే చాలా డబ్బు పోతోంది. నరం అంటే కబురు మోసేది, మెదడు నుంచి వేలికి, వేలి నుంచి మెదడుకి. అందులో రక్తం ఉండదు. సెలైను ఎక్కేది నరంలోకి కాదు, సిరలోకి. సిర అంటే చెడు రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే గొట్టం. గుండె నుంచి మంచి రక్తం తెచ్చేది ధమని. మణికట్టు దగ్గర డాక్టరు నాడి చూస్తారే, అది ధమని. బడిలో చదువుకున్నదే, మర్చిపోయాం. కాలు మీద సిర ఉబ్బినామెకి "నరాల బలహీనత" అని చెప్పి బలం మాత్రలు అంటగడితే, ఆవిడ ఆరు నెలలు మింగినా ఆ ఉబ్బు తగ్గదు.

ఇప్పుడు బాటిలు సంగతి. అందులో ఏముంటుంది? మామూలు సెలైను అయితే, అరలీటరు బాటిల్లో నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా శుభ్రమైన నీళ్ళు. గ్లూకోజు బాటిలు అని మనం అనేది, 5 శాతం రాసి ఉన్నది అయితే, అరలీటరులో 25 గ్రాముల చక్కెర. అంటే అయిదు చెంచాలు. రెండు ఇడ్లీలు తింటే వచ్చే శక్తి కూడా అంతే ఉంటుంది. ఇది బాటిలు మీదే రాసి ఉంటుంది, ఈసారి తిప్పి చదవండి. రక్తం పెరిగే మందు అందులో లేదు, బలం లేదు. ఎక్కించుకున్న రోజు కాస్త తేలిగ్గా ఉంటుంది నిజమే. రెండు గంటలు పని మానేసి మంచం మీద పడుకుంటే ఎవరికి తేలిగ్గా ఉండదు?

నీరసానికి కారణం వేరే ఉంటుంది. మనలో ఎక్కువమందికి రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12 ఉండాలి, గర్భిణికి 11 కన్నా తగ్గకూడదు. 7 కన్నా తగ్గితే అది పెద్ద ప్రమాదం. పీహెచ్‌సీలో ఈ పరీక్షకి డబ్బు తీసుకోరు. అక్కడే షుగరు, బీపీ కూడా చూపించుకోండి. ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆశా అక్క ఇంటికి తెచ్చి ఇస్తే, గూట్లో పెట్టేస్తాం. ఆ ఫోలిక్ యాసిడ్‌ని అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో తయారు చేయించిన శాస్త్రవేత్త మన తెలుగాయనే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మన తెలుగువాడు తయారు చేయించిన మందు మన గూట్లో బూజు పట్టకూడదు.

మాత్రలు పడని గర్భిణికి, నెలలు నిండుతున్నా రక్తం పెరగని గర్భిణికి ఆస్పత్రిలో ఐరన్ సుక్రోజ్ సిర ద్వారా ఎక్కిస్తారు. గోధుమరంగులో ఉంటుంది. అది చూసి భయపడి లేచి వచ్చేసిన అమ్మాయిలున్నారు. అది నిజంగా పనికొచ్చే బాటిలు. దాన్ని వద్దనకండి. ఎక్కేటప్పుడు సూది దగ్గర మంటగా ఉంటే మాత్రం వెంటనే సిస్టరుకి చెప్పాలి. ఆ మందు చర్మం కిందకి కారితే గోధుమరంగు మచ్చ పడి చాన్నాళ్ళు పోదు.

వాంతులు, విరేచనాలకి కూడా అందరికీ సెలైను అక్కర్లేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం టైములో లక్షలమంది కాందిశీకులు పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. బనగావ్ శిబిరంలో కలరా పట్టుకుంది. సెలైను బాటిళ్ళు అయిపోయాయి. అక్కడున్న డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, పంచదార, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి తాగించారు. తాగించింది ఎవరనుకున్నారు? ఎక్కువగా ఇంటివాళ్ళే, మనలాంటి తల్లులు, అక్కలు. నూటికి ముప్పైమంది దాకా చచ్చిపోయే చోట నలుగురు లోపుకి తగ్గింది. ఆయన 2022లో పోయారు, ఆ మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. అదే ఓఆర్ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, ఆ నీళ్ళు ఒక రోజుకి మించి ఉంచకూడదు. గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసి తాగితే ఉప్పు లెక్క తప్పుతుంది. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ గీటుగా కొలిచి.

సెలైను చెడ్డదని నేను అనడం లేదు. తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, కళ్ళు లోపలికి పోయి మూత్రం రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా, కాన్పులో రక్తం పోతున్నా, డెంగీ ముదిరినా, పాము కరిచినా సిరలోకి సూది పడాల్సిందే, అదీ తొందరగా. పాముకాటుకి విరుగుడు మందు సిర ద్వారానే ఎక్కిస్తారు. అంతేగానీ కాలికి తాడు బిగించి కట్టకండి. రక్తం ఆగి కాలే పోతుంది. కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి.

సరే, ఆస్పత్రిలో చేర్చారు. చేతికి చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. దాన్ని క్యాన్యులా అంటారు. సూది లోపలే ఉండిపోయిందని చాలామంది చెయ్యి కదపరు. సూది బయటికి తీసేస్తారు, లోపల ఉండేది మెత్తటి గొట్టమే. దాని రంగులు చూడండి. పసుపు చిన్నపిల్లలకి, నీలం సన్న సిరలు ఉన్నవాళ్ళకి, గులాబీ మామూలుగా పెద్దవాళ్ళకి, పచ్చది లావుది, రక్తం ఎక్కించడానికి, ఆపరేషనుకి, కాన్పులో రక్తం పోతే వేగంగా ఎక్కించడానికి. పచ్చది పెడుతుంటే "మా పిల్లకి అంత లావుదా" అని గొడవ పెట్టకండి. ఆ టైములో లావుదే ప్రాణం కాపాడుతుంది.

రాత్రి వార్డులో సిస్టర్లు ఇద్దరుంటే పేషెంట్లు చాలామంది ఉంటారు. గంటకోసారి ప్రతి చెయ్యీ వాళ్ళు చూడలేరు. పక్కన కూర్చున్నది మనం. సెల్లు చూస్తూ కూర్చోకుండా ఆ చెయ్యి చూడాలి. గొట్టం పెట్టిన చోటు ఎర్రగా, వేడిగా ఉండి, ముట్టుకుంటే నొప్పంటే సిర వాచినట్టు. దాన్ని పట్టుకుని చూస్తే చర్మం కింద తాడులా గట్టిగా తగులుతుంది కూడా. అదే చోటు తెల్లగా, చల్లగా ఉబ్బి, బాటిలు నెమ్మదించిపోతే మందు సిరలోకి కాకుండా కండలోకి పోతోందని. రెండిట్లో ఏది కనిపించినా సిస్టరుని పిలవాలి. తీసి వేరే చోట పెడతారు. "ఇంకో సూదా, వద్దులే, ఈ బాటిలు అయిపోనీ" అని పేషెంటే అంటాడు. ఒప్పుకోకండి. చలితో ఒణుకు, జ్వరం వస్తే అది ఇంకా ముందు చెప్పాలి. కుట్టు మిషను దారం తెగితే ఆపుతాం కదా, ఇదీ అలాగే ఆపాలి.

బాటిలు కింద గొట్టానికి చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పకూడదు. మన దగ్గర ఇది చాలా ఉంది. చింతపల్లికో కొయ్యూరుకో ఆఖరి బస్సు ఉంది, ఎల్లిపోవాలి అని చక్రం తిప్పేసి గంటలో అవగొట్టేస్తారు. మామూలు సెట్టులో ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అరలీటరు ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఇరవై, ఇరవై ఒక్క చుక్క పడాలి. డాక్టరు మనిషిని బట్టి, గుండెని బట్టి, కిడ్నీని బట్టి ఆ లెక్క వేస్తారు. ముసలాయనకి, గుండె జబ్బు మనిషికి తొందరగా ఎక్కిస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఆయాసం, దగ్గు, పడుకోలేక లేచి కూర్చోవడం మొదలైతే బాటిలు వైపు చూపించి వెంటనే చెప్పండి. బస్సు పోతే పోయింది, ఆస్పత్రి వరండాలో ఒక రాత్రి పడుకుందాం.

గొట్టంలో చిన్న గాలి బుడగ కనిపిస్తే గుండె ఆగిపోతుందని అరుపులు పెడతారు. చిన్న బుడగకి ఏమీ కాదు. బాటిలు అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కి వచ్చినా కంగారు పడనక్కర్లేదు, సిస్టరుని పిలిస్తే సరి. మనం మాత్రం మూత తీయడం, గొట్టం పీకడం చెయ్యకూడదు.

రక్తం ఎక్కించేటప్పుడు మాత్రం మొదటి పావుగంట కళ్ళు ఆర్పకుండా చూడండి. ఒణుకు, దురద, నడుం నొప్పి, ఆయాసం, ఏదొచ్చినా "ఆపండి సిస్టర్" అని గట్టిగా చెప్పాలి. సంచీ మీద పేరు, గ్రూపు కేసు షీటులో ఉన్నదేనా అని సిస్టరు చదివేటప్పుడు మీరూ వినండి. ఒకే పేరున్నవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది! ఒక వార్డులో ముగ్గురు అప్పలనర్సమ్మలుంటారు.

కొన్ని చోట్ల రేపు కూడా ఇంజక్షను ఉంది కాబట్టి గొట్టం చేతికే ఉంచి ఇంటికి పంపేస్తారు. ఆ చేత్తో అంట్లు తోమడం, గేదె పని, ఊడుపులు అన్నీ చేసేస్తాం. తడిస్తే పట్టీ కింద చీము పడుతుంది. ఆ రెండు రోజులూ ఆ చెయ్యికి సెలవు. స్నానం చేసేటప్పుడు పాలిథిన్ కవరు కట్టుకోండి. దాని మీద పసుపు, సున్నం ఏమీ రాయకండి. ఏ రోజు పెట్టారో పట్టీ మీద రాయించుకోండి. మూడు నాలుగు రోజులు దాటినా అలాగే ఉంటే అడగండి. ఇంట్లో మీరే పీకకండి. అదే ఊడిపోతే శుభ్రమైన దూది పెట్టి అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి, రుద్దకండి.

ఇక సూది. ప్యాకెట్టు మన కళ్ళ ముందు చించాలి. ఇది అడగడానికి మొహమాటం ఎందుకు? కూరగాయల దగ్గర అర్ధరూపాయికి బేరమాడతాం. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడి పచ్చకామెర్లు, హెపటైటిస్ బి, పాకించారు. పదులమంది పోయారు. చాలామంది చిన్న చిన్న జబ్బులకి సూది వేయించుకోడానికి వెళ్ళినవాళ్ళే. ఇంజక్షను వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం వస్తే అక్కడే వస్తుంది, దారిలో వస్తే చేసేవాళ్ళుండరు.

మీలో ఎవరికైనా రొమ్ము ఆపరేషను చేసి చంకలో గడ్డలు తీసుంటే, ఆ పక్క చేతికి సూది, బీపీ పట్టీ వద్దని చెప్పండి. సిగ్గుపడి చెప్పకపోతే ఆ చెయ్యి ఉబ్బి బాధ పెట్టొచ్చు. పక్షవాతం వచ్చిన చెయ్యి కూడా అంతే, వీలైతే రెండో చెయ్యి చూపించాలి.

ఇప్పటిదాకా చేతి సంగతి. ఇప్పుడు కాళ్ళకి వస్తాను, నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

కాలు వాపు అన్నీ ఒకటి కాదు. మనవాళ్ళు కాలు లావైతే బోదకాలు అనేస్తారు. బోదకాలు దోమ వల్ల వచ్చేది, రక్తనాళం జబ్బు కాదు. ఏటా ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర దానికే. అది కూడా సుబ్బారావు గారి బృందం పనే. ఆ మాత్రలు పారేయకండి, అంతవరకే చెప్తాను.

రెండోది ఉబ్బుసిరలు. వేరికోస్ అంటారు. రక్తం కాలి నుంచి పైకి గుండెకి ఎక్కాలి కదా, కిందకి జారకుండా సిర లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. ఎక్కువసేపు నిలబడే పనివల్ల, కాన్పుల వల్ల, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఆ తలుపులు సరిగ్గా మూసుకోవు. రక్తం కింద నిలిచి సిర పాములా మెలికలు తిరుగుతుంది. బడి మధ్యాహ్న భోజనం వండే మన అక్కలు, టిఫిను బండి పెట్టినవాళ్ళు, ఊడుపులకి వెళ్ళేవాళ్ళు చీర కాస్త పైకి ఎత్తి చూసుకోండి, మీకే తెలుస్తుంది. సాయంత్రానికి కాలు బరువు, పాదం చుట్టూ వాపు, రాత్రి పిక్క పట్టేయడం. నిర్లక్ష్యం చేస్తే చీలమండ దగ్గర నల్లబడి, దురద పెట్టి, గోక్కుంటే పుండు పడుతుంది. ఆ పుండు నెలల తరబడి మానకపోవచ్చు.

దీనికి ఇంట్లో చేసుకునేది ఉంది. పని మధ్యలో నిలబడిన చోటే మడమలు ఎత్తి దించండి, పిక్క కండ పిండితేనే రక్తం పైకి పోతుంది. రోజుకి మూడు నాలుగు సార్లు, పావుగంట చొప్పున, రెండు దిళ్ళు వేసి కాళ్ళు గుండె కన్నా ఎత్తులో పెట్టుకోండి. "పట్టపగలు కాళ్ళు చాపుకుని పడుకుందేటి" అని అత్తగారు అంటే, డాక్టరు చెప్పాడనండి. అత్తగారికి ఉంటే ఆవిడనీ పడుకోబెట్టండి. డాక్టరు చూసి సరే అన్నాక క్రేప్ బ్యాండేజి పొద్దున్నే మంచం దిగకముందే చుట్టుకోవాలి, కాలి వేళ్ళ మొదట నుంచి మోకాలి కింద దాకా, కింద కాస్త బిగువు, పైకి పోయే కొద్దీ వదులు. వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా విప్పేయాలి. రాత్రి తీసేయాలి.

ఉబ్బిన సిర గిల్లుకుపోయి రక్తం చిమ్మితే నేలంతా ఎర్రగా అవుతుంది, చూసినవాళ్ళకి కాళ్ళు చేతులు ఆడవు. మనిషిని పడుకోబెట్టి కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట పది నిమిషాలు నొక్కి పట్టండి. మధ్యలో ఆగిందా లేదా అని తీసి చూడొద్దు. ఆగుతుంది. పైన తాడు కట్టొద్దు. ఆగాక ఆస్పత్రికి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టడం. కాన్పు అయిన ఆరు వారాల్లో, ఆపరేషను తర్వాత, కాలు విరిగి చాలా రోజులు మంచం మీద ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుంది. గుర్తు ఏంటంటే, రెండు కాళ్ళు కాదు, ఒక్క కాలే వాస్తుంది. పిక్క నొప్పి, వేడి, ఒక్కోసారి రంగు మారడం.

మా పక్క సంఘంలో ఒక చెల్లికి సిజేరియన్ అయిన పన్నెండో రోజు ఎడమకాలు వాచింది. బాలింత కదా, మంచం దిగనివ్వలేదు. వాతం చేసిందన్నారు. వాళ్ళ అమ్మమ్మ నూనె కాచి పిక్క మర్దనా చేయడానికి కూర్చుంది. ప్రేమతోనే. ఆ ముందు నెలలోనే వాళ్ళ గ్రామసంఘం మీటింగులో ఏఎన్ఎం గారు ఈ సంగతి చెప్పి ఉన్నారు. వదిన ఆ మీటింగుకి వెళ్ళింది. నూనె గిన్నె పక్కన పెట్టించి ఆటో పిలిచింది. విశాఖలో డాప్లర్ స్కానింగు చేసి గడ్డ ఉందన్నారు. రక్తం పలచబడే ఇంజక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు. ఇప్పుడు ఆ పిల్ల వాళ్ళ బాబుని అంగన్‌వాడీకి తీసుకెళ్తోంది. మర్దనా చేస్తే ఏమయ్యేదంటే, గడ్డ ఊడి రక్తంతో పాటు గుండె మీదుగా ఊపిరితిత్తికి పోయి అడ్డం పడొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు, దగ్గితే రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం. అది నిమిషాల్లో అయిపోయే సంగతి. అందుకని, ఒక్క కాలు వాస్తే నూనె వద్దు, మర్దనా వద్దు, కాపడం వద్దు, ఆ రోజే ఆస్పత్రి. ఆయాసం కూడా ఉంటే 108.

బాలింతని మంచం మీద కట్టేయడం కూడా మానాలి. డాక్టరు సరే అన్న దగ్గర నుంచి లేపి నడిపించండి. నీళ్ళు తక్కువ ఇవ్వడం, గొంతు తడిపి వదిలేయడం మన దగ్గర ఉంది. అది కూడా రక్తం చిక్కబడడానికి కారణమే. దాహమైనంత తాగనివ్వండి.

రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు తగ్గిందని మధ్యలో మానేయకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే చెప్పాలి. ఒళ్ళునొప్పుల మాత్ర కిరాణా కొట్టులో కొని వేసుకోకూడదు.

నాలుగోది ధమని మూసుకుపోవడం. ఇది చుట్టలు, బీడీలు తాగేవాళ్ళకి, షుగరు ఉన్నవాళ్ళకి. నాలుగడుగులు నడిస్తే పిక్క నొప్పి, ఆగితే తగ్గుతుంది. పాదం చల్లగా ఉంటుంది, వేలు నల్లబడుతుంది. మన ఉత్తరాంధ్రలో మగవాళ్ళే కాదు, పెద్దావిడలు అడ్డపొగ తాగుతారు, మనకి తెలుసు. ఇక్కడ జాగ్రత్త తిరగబడుతుంది, బాగా వినండి. ఉబ్బుసిరకి కాలు పైకెత్తమన్నాను. ధమని మూసుకున్న కాలికి పైకెత్తితే నొప్పి పెరుగుతుంది, కిందకి వేలాడేస్తే హాయిగా ఉంటుంది. ఉబ్బుసిరకి బ్యాండేజి మంచిది. ఈ కాలికి బ్యాండేజి బిగిస్తే ఉన్న కాస్త రక్తం కూడా అందదు. అందుకే డాక్టరు చూడకుండా బ్యాండేజి వద్దన్నాను. చల్లగా ఉంది కదా అని వేడి నీళ్ళ సీసా పెట్టకండి. షుగరు ఉన్న పాదానికి స్పర్శ ఉండదు, కాలినా తెలీదు. పొగ మానకపోతే ఏ మందూ ఆ వేలిని కాపాడలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి అందరూ విన్నారు. మన మండలాల్లోనూ డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి చేతి మీద ధమనిని సిరతో కలిపి చిన్న ఆపరేషను చేస్తారు, ఫిస్టులా అంటారు. ఆ చేతి మీద చెయ్యి పెడితే జుమ్మని అదురు తెలుస్తుంది. ఆ అదురే వాళ్ళ ప్రాణం. పొద్దున్న లేవగానే ముట్టుకుని చూడాలి. అదురు ఆగిపోతే డయాలసిస్ రోజు దాకా ఆగకుండా ఆ రోజే వెళ్ళాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వద్దు, సూది వేయనివ్వద్దు, బిగుతు గాజులు, గడియారం వద్దు, నీళ్ళ బిందె ఎత్తొద్దు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవద్దు. ఇంకా డయాలసిస్ దాకా రాకుండా కిడ్నీ జబ్బని తేలినవాళ్ళు కూడా నీరసమని ప్రతి చోటా సెలైను పెట్టించుకుని మోచేతి సిరలు పాడుచేసుకుంటే, రేపు ఫిస్టులాకి సిర మిగలదు. సూది తప్పనిసరైతే అరచేతి వెనక వేయమని అడగండి.

ఆపరేషన్లు ఏవైనా చెబితే అప్పుకి సంతకాలు పెట్టేముందు, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి. మనం ఆరోగ్యశ్రీ అనేదే అది.

మా గ్రామసంఘంలో ఈ ఏడాది రెండు తీర్మానాలు రాసుకున్నాం. ఆస్పత్రి అప్పు అడిగిన సభ్యురాలు హిమోగ్లోబిన్, షుగరు, బీపీ చీటీ చూపించాలి. అప్పు ఆపడానికి కాదు, నీరసానికి అసలు కారణం దొరకడానికి. ప్రాణం మీదకొచ్చినప్పుడు చీటీ అడగం, డబ్బు ముందు ఇస్తాం. రెండోది, కాన్పు అయిన ప్రతి ఇంటికి ఆరు వారాల్లో సంఘం నుంచి ఇద్దరు వెళ్ళి, బిడ్డని చూసినట్టే తల్లి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసి రావాలి. మీ గ్రామసంఘాల్లో కూడా పెట్టమని అధ్యక్షురాలు గారి ద్వారా అడుగుతున్నాను.

భోజనాలయ్యాక ఏఎన్ఎం గారు క్రేప్ బ్యాండేజి ఎలా చుట్టాలో చూపిస్తారు. హిమోగ్లోబిన్ చూసే మిషను కూడా తెచ్చారు. కాళ్ళు ఉబ్బినవాళ్ళు ముందు వరసలో కూర్చోండి, చెప్పులు బయట విప్పి రండి.